వాగుకు ఇవతలి ఆట

కరీంనగర్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి వెనక ఒక కాలేజీ మైదానం ఉంది. వానలు తగ్గాక అక్కడ యంత్రంతో గడ్డి కోస్తారు. పొద్దున్నే ఆ తడిగడ్డి వాసన కిటికీలోంచి వస్తే ఎవరికైనా హాయిగానే ఉంటుంది. నాకు మాత్రం ఉండదు. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, ఏదో శబ్దం కోసం చెవులు రిక్కించి నిలబడిపోతాను. ఇక్కడ అడవి లేదు, వాగు లేదు, అవతల రోడ్డు మీద బస్సులు పోతుంటాయి. అయినా ఒంటికి ఆ సంగతి తెలియదు. ఆ వాసన వచ్చిన ప్రతిసారీ నా మణికట్టును ఎవరో గట్టిగా పట్టుకున్నట్టే ఉంటుంది. ఆ పట్టుకున్న మనిషి గురించే రాయాలనుకుంటున్నాను.

ఆమె పేరు డాక్టర్ కరుణమ్మ. లక్సెట్టిపేటలో మిషన్ చర్చి పాస్టరు కూతురు. ఆదిలాబాద్ వైపు అడవి అంచున ఉన్న ఒక ఫ్యాక్టరీ కాలనీ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేసింది. రిటైరయ్యాక కూడా కాలనీ విడిచి పోలేదు, రోజూ ఆసుపత్రికి వచ్చి పోతుండేది. నేను అదే ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక కూర్చునేదాన్ని. మా ఆయన మల్లేశం అప్పటికి చాలాకాలంగా దుబాయిలో ఉన్నాడు. అక్కడ ఒక పెద్ద గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసి నీళ్లు పట్టే పని. ఎండలో పడిపోయిన మనుషుల కబుర్లు వింటూ ఉండేదాన్ని కాబట్టి ఫోన్ మోగినా భయం, మోగకపోయినా భయం. ఒక మందు పేరు చదివి ఇంకో మందు తీసేదాన్ని. ఒకరోజు డాక్టరమ్మ అది గమనించింది.

“ఏమే భాగ్యా, నిద్ర పోతున్నవా?”

“పోతున్నమ్మా.”

“అబద్ధం. రేపు పొద్దుగాల క్లబ్బు కాడికి రా. నాకు తోడు గావాలె, నీకు నడక గావాలె.”

ఆమెకు ఎదురుచెప్పే ధైర్యం ఆసుపత్రిలో ఎవరికీ లేదు. నాకు అసలే లేదు.

క్లబ్బు వెనక, కాలనీ ఏర్పడ్డ కొత్తలో ఆఫీసర్ల కోసం వేసిన చిన్న గోల్ఫ్ మైదానం ఉండేది. తొమ్మిది గుంతలు. ఐదు గుంతలు కాలనీ గోడ లోపల, చింతచెట్ల మధ్య. మిగతా నాలుగూ వాగు దాటాక, అడవికి ఆనుకుని. ప్రతి గుంతకూ బంతిని మొదట కొట్టే చోట రెండు రాళ్లు పాతి ఉండేవి. దూరంగా ఉన్నది వెనక రాయి, గుంతకు దగ్గరగా ఉన్నది ముందు రాయి. డాక్టరమ్మ ఎప్పుడూ వెనక రాయి దగ్గరే నిలబడేది. డెబ్బై దాటిన మనిషి, చీర కుచ్చిళ్లు పైకి దోపి, కాన్వాసు బూట్లు వేసుకుని, కర్ర ఎత్తి కొడితే బంతి చింతచెట్ల తలలు దాటి పోయేది.

“ముందు రాయి కాడికెల్లి కొట్టచ్చు గదా అమ్మా, అలసిపోకుంట?” అని మొదటి వారంలోనే అడిగాను.

ఆమె కర్ర దించింది. “నేను కొత్తగ వచ్చినప్పుడు ఒక పెద్ద సారు నవ్వుకుంట గిదే మాట అన్నడు. ఆడోళ్లు ముందట్నుంచి కొట్టుకోండ్రి అని. ఆ రాయి మీద నేను కాలు వెట్టలే. పెట్ట.”

ఆమె నాకు ఒక పాత పొట్టి కర్ర ఇచ్చి కొట్టడం నేర్పింది. నా బంతి గడ్డిలో పాకుతూ పోయేది. ఒక్కో గుంత చేరేసరికి ఊపిరి అందేది కాదు. ఫోన్లో మా ఆయనకు చెబితే పగలబడి నవ్వాడు. “నేనీడ గడ్డి కోస్తుంటే నువ్వాడ ఆడుతున్నవా!” అన్నాడు. ఆ నవ్వు వినడం కోసమైనా రోజూ పోయేదాన్ని.

రెండేళ్ల తర్వాత ఒక చలికాలం, పులి వచ్చిందన్న మాట పుట్టింది. మహారాష్ట్ర అడవుల నుంచి నది దాటి వచ్చిందని, పత్తి చేన్లలో తిరుగుతోందని అన్నారు. కూలీలు గుంపులు గుంపులుగా పోతూ డబ్బాలు వాయించేవారు. క్లబ్బు కార్యదర్శి ఒక సాయంత్రం డాక్టరమ్మ ఇంటికి వచ్చాడు. వాగవతలి గుంతలు మానేద్దాం, ఎలాగూ ఇప్పుడు ఆడేవాళ్లలో సగం మంది పెద్దవాళ్లు, ఆదివారాలకు మాత్రం వచ్చేవాళ్లు, ముందు రాళ్ల నుంచి ఐదు గుంతలు ఆడుకుంటే అందరికీ తేలిక అన్నాడు. ఆమె అతనికి టీ ఇచ్చింది కానీ ఒప్పుకోలేదు.

“గది ముసలోళ్ల ఆట. నేనింకా ముసలిదాన్ని గాలే.”

అతను వెళ్లాక మెట్లు దిగేటప్పుడు ఆమె గోడ పట్టుకోవడం చూశాను. కుడి మోకాలు అప్పటికే మొరాయిస్తోంది. నేను చూశానని ఆమెకు తెలుసు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఒక పొద్దున. రాత్రంతా మంచు కురిసింది. పని వాళ్లు ముందురోజు కోసిన గడ్డి కుప్పలు ఇంకా తడితడిగా వాసన కొడుతున్నాయి. వాగు దాటించాల్సిన చోట ఆమె బంతి నీళ్లలో పడింది. ఇంకొకటి పెట్టింది, అదీ పడింది. మూడో బంతిని చేతిలో పట్టుకుని చెక్క వంతెన దాటి, అవతలి ఒడ్డున జారవిడిచి కొట్టింది. ముఖం బిగుసుకుని ఉంది. వెనక్కి పోదామని నేను అనలేకపోయాను. బంతి అడవి అంచున ఉన్న ఇసుక పల్లంలో పడింది. ఆటను కష్టం చెయ్యడానికి అలాంటి పల్లాలు పెడతారు. దాన్ని వెతకడానికి నేను ముందు దిగాను.

బంతి పక్కన ఒక అడుగుజాడ ఉంది. నా అరచేతికంటే వెడల్పు. మిగతా ఇసుక మంచుకు తడిసి నల్లగా ఉంటే, ఆ అడుగులో మాత్రం లోపలి పొడి ఇసుక తెల్లగా పైకి వచ్చింది. అంటే మంచు పడ్డాక, ఇప్పుడే, ఏదో నడిచి పోయింది. దాని ముందు ఇంకొకటి, ఇంకొకటి. గట్టు ఎక్కి పొదల్లోకి.

“కుక్కదై ఉంటది,” అంది డాక్టరమ్మ. కానీ బంతి తియ్యమనలేదు.

అప్పుడే పొదల అవతల కొండముచ్చు ఒకటి దగ్గినట్టు అరిచింది. వెంటనే చెట్ల మీది కొండముచ్చులన్నీ అరిచాయి. పులి కనబడితే అవి అలా అరుస్తాయట. డాక్టరమ్మ గిరుక్కున తిరిగింది. ఆ తిరగడంలో మోకాలు పట్టేసింది. కూలబడిపోకుండా కర్ర మీద వాలింది. నేను వంతెన వైపు చూశాను. రోజూ ఎంత దూరమో ఆలోచించకుండా నడిచే నేల అది. ఆ క్షణంలో దానికి అంతు లేనట్టు కనబడింది. కాలనీ గోడ ఎక్కడో బొమ్మలా ఉంది. కేక వేస్తే వినే మనిషి లేడు. నా కాళ్లు వాటంతట అవే పరుగుకు సిద్ధమయ్యాయి. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“భాగ్యా, ఉరుకకు. నువ్వు ఉరికితె నేను రాలేను.” పట్టు బిగించింది. “నాకు బుగులైతాంది బిడ్డా. నన్ను ఇడిసిపెట్టి పోకు.”

ఎన్ని కాన్పులు, ఎన్ని యాక్సిడెంట్లు, ఎన్ని చావులు చూసిన మనిషి. ఆమె నోట భయమన్న మాట వింటానని కలలో కూడా అనుకోలేదు. చిత్రం, అది విన్నాక నా కాళ్లు నిలబడ్డాయి. భయం పోలేదు. కానీ అంతదాకా నేనొక్కదాన్నే మోస్తున్నట్టున్న భయంలో సగం ఆమె తీసుకున్నట్టయింది. ఆమె చెయ్యి నా భుజం మీద వేసుకున్నాను. అడుగు వేసి, ఆగి, మళ్లీ అడుగు వేసి కదిలాం. వెనక్కి చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. వీపంతా కళ్లయినట్టు ఉంది. ఎండుటాకు కదిలినా ఆమె వేళ్లు నా ఎముకలోకి దిగేవి. వంతెన మీదికి వచ్చేసరికి అవతలి చేన్లోంచి డబ్బాల మోత, మనుషుల కేకలు వినబడ్డాయి. ఆ మధ్యాహ్నం ఇసుక పల్లానికి దగ్గర్లోనే, పొదల్లో ఒక లేగదూడ కళేబరం దొరికింది.

నేనింక ఆ మైదానం ముఖం చూడననుకున్నాను. నిద్ర పట్టేది కాదు. డాక్టరమ్మ కూడా ఇంట్లోంచి బయటికి రాలేదు. తర్వాత ఒకరోజు కర్ర ఊతంతో నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

“రేపు ఐదు గుంతలే ఆడుదాం. ముందు రాయి కాడికెల్లి.”

నేను నమ్మలేనట్టు చూశాను.

“గట్ల చూడకు. ఆ సారు సచ్చి ఎన్నేండ్లాయె, నేనింకా ఆయనతోనే కొట్లాడుతున్న. బంతి ఎంత దూరం పోతదో నా భుజం చెప్తది, నా పౌరుషం గాదు. గా దినం నీ పానం మీదికి తెచ్చిన.”

మర్నాడు ముందు రాయి పక్కన చాలాసేపు నిలబడింది. బూటు కొసతో దాన్ని ఒకసారి తట్టి, బంతి పెట్టింది. కొట్టాక అది గుంతలో పాతిన జెండా దగ్గర పడింది. ఆమె నవ్వలేదు. కళ్లు తుడుచుకుంది.

ఆ ఆదివారం క్లబ్బులో అందరి ముందూ చెప్పింది: “నేను బుగులువడ్డ. మీరు గూడ పడుతుండ్రు. గుండె ఆపరేషన్ అయినోళ్లు, నడుము నొప్పున్నోళ్లు, సిగ్గుకు ఇంట్ల కూసున్నరు. దగ్గరికెల్లే ఆడుదాం రండ్రి.” తర్వాత బైపాస్ అయిన ఒక ఇంజనీరు లేచి, వాగు దాటించడానికి తనకూ ఎప్పటినుంచో దడగా ఉందన్నాడు. ఆ చలికాలం ఐదు గుంతల చుట్టూ మనుషులు నిండారు. అలసిన చోట కూర్చోవడానికి బల్లలు వేయించింది. ఏడాది తిరిగేసరికి నా బంతి కూడా మూడు దెబ్బల్లో గుంతలో పడింది. వాగవతల గడ్డి నిలువెత్తు పెరిగి, అడవిలో కలిసిపోయింది.

చివర్లో లక్సెట్టిపేటకే వెళ్లిపోయిన డాక్టరమ్మ మూడేళ్ల కింద అక్కడ, సొంత మంచం మీద పోయింది. చివరిసారి చూడటానికి పోయినప్పుడు మాట సరిగా రాలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. భయపడుతోందని నాకు తెలిసింది. దాచుకోవడం లేదని కూడా తెలిసింది.

మా ఆయన పోయినేడాది దుబాయి నుంచి వచ్చేశాడు. గుండెలో స్టెంట్లు వేశారు. ఇంట్లో ఎవరు అడిగినా “నాకేమైంది? మంచిగనే ఉన్న,” అనేవాడు. మెట్ల మధ్యలో ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటించేవాడు. అలా ఆగిన ప్రతిసారీ నేను చేతిలో పని వదిలి మెట్ల దగ్గరికి వచ్చేదాన్ని. మొన్న సంక్రాంతి వెళ్లాక అతన్ని కాలనీకి తీసుకెళ్లాను. ఇరవై ఏళ్లు గోల్ఫ్ మైదానానికి నీళ్లు పట్టిన మనిషి, కర్ర చేత పట్టడం అదే మొదటిసారి. నేరుగా వెనక రాయి దగ్గరికి పోయి నిలబడ్డాడు.

“ఆడ పెద్ద సార్లందరు గింత దూరం కాడికెల్లే కొడుతరు,” అన్నాడు.

“ఇటు రా. నువ్వు గట్ల ఆగుతుంటే నాకు బుగులైతాంది,” అన్నాను.

పెళ్లయిన ఇన్నేళ్లలో అతనితో ఆ మాట అనడం అదే మొదటిసారి. అతను నా ముఖంలోకి చూశాడు. కర్ర భుజాన వేసుకుని ముందు రాయి దగ్గరికి నడిచొచ్చాడు. మొదటి గుంత ఆడాం, రెండోది ఆడాం. మూడోది అయ్యాక కర్ర గడ్డి మీద పెట్టి, చింతచెట్టు కింది బల్ల వైపు చూశాడు.

“భాగ్యా, ఇగ నాతోని గాదు. జర కూసుంట,” అన్నాడు.

బల్ల మీద కూర్చుని, పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. మిగిలిన రెండు గుంతలు ఆ రోజు ఆడలేదు.