కళ్లాపి లేని వాకిలి: పుదుచ్చేరి గ్రావెల్ క్వారీ పక్కన ఒక పూట

పుదుచ్చేరి చూసి వెళ్ళినవాళ్ళు పెట్టే ఫోటోల్లో ఈమధ్య ఒకటి తరచూ కనిపిస్తోంది. చుట్టూ నిలువెత్తు ఎర్రమట్టి గోడలు, నడుమ ఆకుపచ్చ నీళ్ళు. ఊరికి పడమరగా గ్రావెల్ తవ్వగా మిగిలిన గుంతలవి. యానాం నుంచి ఉద్యోగానికొచ్చి లాస్‌పేటలో ఉంటున్న నాకూ అలాంటి ఫోటో ఒకటి కావాలనిపించి, మా ఇంటి ఓనరు సరోజక్కను దారి అడిగాను. వాళ్ళది ఎన్నో తరాల కిందటే ఇక్కడ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. ఆ గుంతల పక్కనే వాళ్ళకు పొలం ఉంది. "గుంత యాడికీ పోదులే పాపా. బేస్తవారం నేనే పోతా ఉండా, నాతో రా. ఆడ మనుషులు గూడా ఉండారు, వాళ్ళని గూడా చూస్తువు," అంది. ఆ చివరి మాట నాకు కాస్త చురుక్కుమంది. అయినా వెళ్ళాను, వెళ్ళినందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

ఉదయం ఏడు గంటలకు కొత్త బస్టాండులో టౌన్ బస్సెక్కితే ముప్పావు గంటలో దిగిపోతాం. టికెట్ ఇరవై రూపాయల లోపే. అక్కడి నుంచి ఆటో తప్పదు, బేరం ఎక్కక ముందే తేల్చుకోండి. మట్టిరోడ్డు మొదలవగానే సరోజక్క కొంగుతో ముక్కు మూసుకుని లారీలవాళ్ళను తిట్టడం మొదలుపెట్టింది. ఆటో డ్రైవరు తమిళంలో, "ఎందుకక్కా తిడతారు? మీ ఇంటి పునాదిలో పోసిందీ ఈ మట్టే కదా!" అని నవ్వాడు. "పోస్తిమి, లేదన్లేదే! మట్టిని ఏమన్నా అంటినా? పేట మద్దెన పోయే లారీని గదా అంటా ఉండా," అంది అక్క. లాస్‌పేటలో నేను కాళ్ళు చాపుకుని పడుకునే గది కూడా ఆ పునాది మీదిదే మరి.

గుంతల పక్కనే ఉన్న ఆ పేట ఇరుళర్లది. మన యానాదుల్లాగే అడవినీ పుట్టనూ నమ్ముకుని బతికిన జనం. క్వారీ లారీలు వాళ్ళ గుడిసెల ముందు నుంచే వెళ్తాయి. క్వారీ అనుమతి గడువు తీరబోతోందట, పొడిగించాలా వద్దా అన్నది తేల్చడానికి తాలూకా ఆఫీసు నుంచి ఒక అధికారిణి ఆ రోజు పదింటికి వస్తుందట. సరోజక్క అసలు పని అదీ. "పోయిన తూరి ఆపీసర్ వచ్చినప్పుడు ఈళ్ళు ఏం జేసినారో తెల్సునా? పెద్దమనిసి వస్తా ఉండాడని తెల్లార్తోనే ఊడ్చి, నీళ్ళు జల్లి, ముగ్గులేసి పెట్టినారు. ఆయప్ప చూసి, దుమ్ము యాడుండాది, అంతా బాగానే ఉండాదే అని పోయినాడు. ఈ తూరి జల్లొద్దని చెప్పాల," అని దారిలో చెప్పింది. నాకు నవ్వొచ్చింది. దుమ్ము చూడటానికొచ్చే అతిథికి దుమ్ము కనబడకూడదని పాపం తుడిచి పెట్టారు.

మేం వెళ్ళేసరికి పేటంతా అప్పటికే తడి వాకిళ్ళు, తెల్లటి ముగ్గులు. అక్క నెత్తి కొట్టుకుంది. ఒక్క వల్లి మాత్రం ఇంకా నీళ్ళు చల్లకుండా బిందె చంకన పెట్టుకుని గడపలో నిలబడి ఉంది. సరోజక్క పొలంలో పనిచేసే మనిషి. అక్క చెప్పింది విని తమిళంలో, "వాకిలి ఎండబెట్టుకుని ఎలా ఉండనక్కా? ఇంట్లో పీనుగ లేచినట్టు ఉండదూ?" అంది. సరోజక్క నా వైపు తిరిగి, "చెప్పేదానికి బాగానే ఉండాది గానీ, నా వాకిట్లో అయితే నేను మాత్రం చేస్తునా?" అని గొణిగింది. మా అమ్మ కూడా ఇంట్లో చావు జరిగితేనే వాకిలి అలా వదిలేస్తుంది.

లోపల వల్లి తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదట, రాత్రంతా అలాగే కూర్చుంటుందట. ఆమె పీల్చే గాలి చప్పుడు బయటికి వినిపిస్తోంది. వల్లి ఒకసారి తల్లిని, ఒకసారి వాకిలిని చూసింది. బిందె తీసుకెళ్ళి లోపల పెట్టేసింది.

అధికారిణి చెప్పిన వేళకే వచ్చింది. మేం పేటకు చేరినప్పటి నుంచీ లారీలు ఒక్కటీ తిరగలేదు, ఎందుకో మీరే ఊహించుకోండి. ముగ్గులను తప్పించుకుంటూ, పిల్లలను పలకరిస్తూ నడిచి వచ్చిన ఆమె వల్లి వాకిట్లో ఠక్కున ఆగింది. గొంతు తగ్గించి, "ఈ ఇంట్లో ఎవరు పోయారమ్మా?" అని అడిగింది.

"ఇంకా ఎవరూ పోలేదమ్మా," అంది వల్లి.

లోపల్నుంచి దగ్గు వినిపించింది. అధికారిణి చెప్పులు విప్పి లోపలికెళ్ళి ముసలమ్మ పక్కన చాలాసేపు కూర్చుంది. బయటికొచ్చి క్వారీవాళ్ళకు ఫోన్ చేసి, రోజూ నడిపినట్టే లారీలు నడపమంది. నడిపారు. చూస్తుండగానే పేటలోని ముగ్గులన్నీ ఎర్రబడ్డాయి. ఆడవాళ్ళు సిగ్గుపడి నీళ్ళకోసం పరుగెత్తబోతే, "వద్దు, ఉండనివ్వండి," అని ఆమె ఆ దుమ్ములోనే నిలబడింది. అప్పుడు నాకు దుఃఖం ఆగలేదు.

ఆమె వెళ్ళాక వల్లి మమ్మల్ని కదలనివ్వలేదు. అంబలి పోసి, వీరాంపట్టినం రేవులో కొన్న ఎండుచేప కాల్చి పెట్టింది. అంత రుచిగా నేను ఈ ఊళ్ళో ఏదీ తినలేదు. లారీలు పేటకు దూరంగా వేరే దారి వేసుకునేదాకా అనుమతి ఆపేశారని తర్వాత సరోజక్క చెప్పింది. క్వారీ కూలీలకు పని పోయిందన్న బాధ ఉంది, ఆ దారి త్వరగా పడాలనే నా కోరిక. అయినా ఆ పూట నన్ను వెంట తీసుకెళ్ళిన సరోజక్కకు, ప్రాణం ఒప్పకపోయినా వాకిలి ఎండగట్టిన వల్లికి, ఆ వాకిలిని చదవగలిగిన అధికారిణికి మనసులో రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. ఫోటో సంగతి అడక్కండి, తీయనే లేదు.

మీరు వెళ్తే ఎండెక్కక ముందే వెళ్ళండి. వానపడ్డ మర్నాడు మాత్రం గుంతల అంచు మీద నిలబడకండి, మట్టి జారుతుంది. దారి వల్లి ఇంటి ముందు నుంచే. ఇప్పుడక్కడ రోజూ ముగ్గు ఉంటోంది, తొక్కకుండా పక్కనుంచి నడవండి.