జానెడు తెగిన ఎర్త్ పట్టీ

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. సూరత్‌లో మేముండే గల్లీలో బతికున్నవాళ్ళే గదికి ఆరుగురు సర్దుకుంటారు. చచ్చినవాళ్ళకు జాగా ఎవడిస్తాడు? ఇప్పుడూ నమ్మకం లేదనే అంటాను. కాకపోతే ఇదివరకు కాస్త గట్టిగా అనేవాణ్ణి.

సూరత్ పక్కన సచిన్ అనే పారిశ్రామిక వాడలో ఒక చిన్న యూనిట్‌లో నా ఉద్యోగం. మగ్గాలను నడిపించే ఎలక్ట్రానిక్ కార్డులు పాడైతే మా దగ్గరికి రిపేరుకు వస్తాయి. మా అన్న శ్రీనివాస్ అక్కడే ఎలక్ట్రీషియన్‌గా ఉండేవాడు. ఒక చలికాలంలో కామెర్లు వచ్చి పోయాడు. తర్వాత మా వదిన స్వరూపను యజమాని సేఠ్ రిపేరు బల్ల దగ్గర పనిలో పెట్టుకున్నాడు.

ఆ బల్ల కింద నల్లటి రబ్బరు మ్యాట్ ఒకటి ఉంటుంది. అన్న పరిచిందే. ఒంట్లో కరెంటు మ్యాట్‌లోకి దిగడానికి మడమలకు కట్టుకునే పట్టీలు కొనివ్వమంటే, ఖర్చెందుకని సేఠ్ అందరినీ చెప్పులు విప్పి ఉత్తికాళ్ళతో నిలబడమన్నాడు. కొన్నేళ్ళ చెమట పాదాలను తాగిన రబ్బరు అది. దాని వాసన గురించి రాస్తే మీరు చదవడం ఆపేస్తారు కాబట్టి రాయను.

మ్యాట్ ఎందుకో మా వదిన చీర చూస్తే తెలుస్తుంది. కట్టేది సూరత్ పాలిస్టర్. అన్న ఉన్నప్పుడూ అదే, పోయాకా అదే. చలికాలంలో ఆ చీరతో నాలుగడుగులు వేస్తే ఒంట్లో కరెంటు పుడుతుంది. గొళ్ళెం ముట్టుకుంటే వేలు చురుక్కుమంటుంది. మనిషికి చురుక్కే, కార్డులోని చిప్పుకు మాత్రం చావు. ఆ కరెంటు పాదాల్లోంచి మ్యాట్‌లోకి, అక్కణ్ణుంచి గోడ వెంబడి వెళ్ళే రాగి పట్టీ మీదుగా వెనక గల్లీలోని ఎర్త్ గుంతలోకి దిగిపోవాలి. గుంత తడిగా ఉంటేనే కరెంటు దిగుతుందని అన్న రోజూ పొద్దున అందులో బకెట్ ఉప్పునీళ్ళు పోసేవాడు.

మీటరు పెట్టి మ్యాట్‌ను చూడటం నా పని. పచ్చ లైటు వెలిగితే మ్యాట్ నేలను అందుకున్నట్టు. ఎరుపు వెలిగితే అది ఉత్త చాప.

అన్న పోయాక ఏడాది పొడుగునా పచ్చ లైటే. సంవత్సరీకం పెట్టుకుని, మర్నాడు పనికి వెళ్ళి మీటరు పెడితే ఎరుపు. బ్యాటరీ మార్చాను. మళ్ళీ ఎరుపే. మా సూపర్‌వైజర్ జిగ్నేశ్ భాయ్‌కి చెబితే, "తేరే మీటర్ కో భీ ఛుట్టీ చాహియే" అని నవ్వాడు, నీ మీటరుకూ సెలవు కావాలట అన్నట్టు.

ఆ రోజు నుంచి వదిన చేతిలో కార్డులు ఒకదాని వెనక ఒకటి చచ్చాయి. జిగ్నేశ్ భాయ్ అందరి ముందూ ఆమె బల్ల దగ్గరికి వచ్చి, మొగుణ్ణి తిన్న చేయి ఇప్పుడు కార్డులు తింటోందన్నాడు. ఆ మాట హిందీలో అన్నాడు, నవ్వు మాత్రం ఏ భాషలోనైనా అంతే రోతగా ఉండేది. నోటినిండా గుట్కా. ఒక ఎర్ర చుక్క ఎగిరి ఆమె బల్ల మీద పడింది. వదిన గుడ్డతో తుడిచి మళ్ళీ సోల్డరింగ్‌లో పడింది. సోమవారం నుంచి రావద్దన్నాడు.

బస్సు కోసం నిలబడినప్పుడు ఆమె అరచేతులు చూసుకుంటూ అడిగింది. "ప్రవీణ్, నా చేతులల్ల నిజంగనే ఏమన్న ఉన్నదా?"

"సోల్డరు మరకలున్నయి వదినా. సబ్బుతోని పోతయి."

నవ్వలేదు. ఏడాదిగా నవ్వించాలని చూస్తున్నాను, ఆమె నాకు చాలా బాకీ పడింది.

మర్నాడు వెనక గల్లీకి వెళ్ళాను. అదేం గల్లీ అంటే, చుట్టుపక్కల యూనిట్ల మగవాళ్ళంతా గోడకు తిరిగి నిలబడే చోటు. ముక్కు మూసుకుంటే కళ్ళు మండుతాయి. కానీ ఆ వారమే సేఠ్ గోడ పొడుగునా దేవుళ్ళ బొమ్మల టైల్స్ అతికించాడు. ఒక మతమని కాదు, ఎవడూ తప్పించుకోకుండా అందరు దేవుళ్ళనూ పెట్టాడు. భక్తులు పక్క గోడకు మారారు. ఆ గోడ మొదట్లో ఉన్న ఎర్త్ గుంత ఎండి నెర్రెలిచ్చింది.

నాకు మొత్తం అర్థమైపోయింది. ఉప్పునీళ్ళు పోసే అన్న పోయాడు. ఆయన తర్వాత ఏడాదంతా ఈ పారిశ్రామిక వాడ తన సొంత ఉప్పునీళ్ళు పోసింది. ఉచ్చ ఆగింది, ఎర్త్ పోయింది. ఇందులో వదిన చేతి తప్పేముంది? ఇంత రోత విషయం కనిపెట్టి అంత సంతోషించినవాడు సచిన్‌లో ఇంకొకడు ఉండడు.

సేఠ్ ముఖం చిట్లించి విన్నాడు, కానీ విన్నాడు. శనివారం లోపల పచ్చ లైటు చూపిస్తే ఆమె ఉంటుందన్నాడు. గుంత నిండా ఉప్పునీళ్ళు పోశాను. ఎరుపు. ఇంకా పోశాను. ఎరుపు.

అప్పుడు సూరత్‌లోనే పాండేసర మిల్లులో పనిచేసే, మా ఊరి వైపు ఎలక్ట్రీషియన్ రాజమల్లు కాకను పిలుచుకొచ్చాను. ఆయన తన సొంత మీటరు పెట్టాడు. అదీ ఎరుపే. మ్యాట్ దగ్గర మొదలుపెట్టి పట్టీ వెంబడే పోయి, గోడకు బిగించిన చెక్క రాక్ దగ్గర ఆగాడు.

"గిది పీకుర్రి."

స్క్రూల మీద రంగు గడ్డకట్టి ఉంది. పీకడానికి మధ్యాహ్నమంతా పట్టింది. వెనక బొద్దింకలు, ఎలుక పెంట, రంపపు పొట్టు, గోడ మీద ఆ రాక్ బిగించిన వడ్లాయన గీసిన పెన్సిలు గీత. ఆ గీత దగ్గర రాగి పట్టీ తెగి ఉంది. రెండు కొసల మధ్య జానెడు ఖాళీ. కరెంటు దాటడానికి గోడలో చెమ్మ కూడా లేదు.

"ఏందిరా గిది? గీ మ్యాట్ కు ఎర్తే లేదు గదరా!"

వడ్లాయనకు ఫోన్ చేశాను. అడ్డమొచ్చిందని రాక్ బిగించేటప్పుడే కోశాడట, ఆ ముక్కను పాతసామానువాడికి అమ్ముకున్నాడట. చెప్పడానికి సిగ్గు కూడా పడలేదు.

రాక్ ఎప్పుడు బిగించారో నాకు బాగా తెలుసు. అన్న దినాలకు పెట్టిన పదొద్దుల సెలవు అయిపోయి నేను పనికి తిరిగొచ్చిన రోజున ఆ రాక్ కొత్త రంగు వాసనతో ఉంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ కదిలించలేదు. అంటే వదిన ఆ మ్యాట్ మీద కాలు పెట్టకముందే పట్టీ తెగింది. అయినా సంవత్సరీకం దాకా ప్రతి పొద్దునా పచ్చ లైటు చూసింది నేనే.

రాజమల్లు కాక కొత్త ముక్క అతికించాడు. వెంటనే పచ్చ వెలిగింది. వదిన ఉద్యోగం ఉంది, ఆమె చేతిలో కార్డులు బాగానే ఉన్నాయి. జిగ్నేశ్ భాయ్ మాత్రం ఆ చేయి గురించి క్షమాపణ అడగలేదు, ఉమ్మడానికి బయటికి వెళ్ళాడు.

నేను చెప్పింది విని, అతికించిన ఆ జానెడును వదిన వేలితో తడిమింది. "గాయన ఉన్నప్పుడు గూడ గంతే," అంది. "చేసేది చేస్తుండె, చెప్పకపోతుండె." అని నవ్వింది. ఏడాది తర్వాత నవ్వింది, అదీ నా జోకుకు కాదు.

దయ్యాల కాళ్ళు నేలకు ఆనవంటారు. ఎర్త్ అంటేనే నేలను అందుకోవడం. కాబట్టి ఆ లెక్కలో చూసినా ఇది కుదరదు. మీటరు తప్పా అంటే, తెగినప్పుడు ఎరుపు, అతికించాక పచ్చ అని రెండు మీటర్లూ ఒకే మాట చెప్పాయి. ఆ జానెడు మేర ఏడాదిపాటు ఏది పట్టుకుని ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఉచ్చే అయివుంటే ఎంత బాగుండేది.