ముగ్గుపిండి ఆవు

రమ్యా, నువ్వు జనగామ బడిల చెవులు వినపడని పిల్లలకు కంప్యూటర్ మీద ఇంగ్లీషు గ్రామర్ చెప్తవు కదా. ఇయ్యాల దాంట్ల ఆవు బొమ్మ గడ్డి మేస్తుంటె చూసి మా అక్క యాదికొచ్చింది. నేను చెప్త, రాసుకో బిడ్డా.

మా అక్కకు పుట్టుచెవుడు. నా చిన్నప్పుడు గార్ల ఊర్ల మా ఇంట్ల అక్కను పిలువాలంటె అమ్మ కాలితోని నేలను దబదబ కొట్టేది. అక్క గిర్రున తిరిగి చూసేది. నేనేమో అక్కకు కాళ్లతోని వినపడ్తదనుకున్న. బడిల నేర్చుకున్న ఇంగ్లీషు ఆవు పాఠం అక్కకు చెప్పాలని మాటమాటకు నేలను కొట్టిన. అక్క నాకు దూప అయితుందనుకొని చెంబుల నీళ్లు తెచ్చిచ్చింది.

"నీళ్లు కాదే, పాఠం," అన్న.

అమ్మ నవ్వింది. "దానికి కాళ్లల్లకెళ్లి మాటలు ఎక్కుతయా పిల్లా? అది చూసి నేర్చుకుంటది," అన్నది.

నెత్తి మీద రెండు వేళ్లు కొమ్ముల లెక్క పెట్టి చూపిచ్చిన. అక్క మొకం వెలిగింది. ముగ్గుపిండి తెచ్చి వాకిట్ల ఆవును గీసింది, నోట్ల గడ్డి సుత పెట్టింది. దాని కింద జాగ చూపిచ్చి, రాయమని నా చేతిల పిండి పోసింది. నాకేమో పాఠం అప్పజెప్పుడే వచ్చు, రాసుడు రాదు. అక్క చానసేపు ఆ జాగ దిక్కే చూసుకుంట కూసున్నది.

ఇయ్యాల నీ కంప్యూటర్ల ఆవు కింద మాటలు ఒక్కొక్కటే వచ్చినయి. జర మళ్లొకసారి పెట్టు, చూస్త.