రెండు వేళ్ళ గుడ్డ

వీధిలో అందరికీ ఆమె కాజాలమ్మ. అసలు పేరు కరెంటు బిల్లు మీద కూడా ఉండదు, అది భర్త పేరున వస్తుంది. భర్త దర్జీ. ఆయన్ని అందరూ మాస్టరు అనేవారు. కొలతలు తీసేది, గుడ్డ మీద సుద్దతో గీసేది, కత్తిరించేది ఆయన. మిషను తొక్కేది, కాజాలు కుట్టేది, గుండీలు పెట్టేది ఆమె.

ముందు గది షాపు, వెనక గది కాపురం. వెలుతురు కోసం మిషను కిటికీ దగ్గర వేశారు. కత్తిరించే బల్ల ఎదురు గోడకు ఉంది. దాంతో ఆమె వీపు ఎప్పుడూ బల్లవైపే. ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన కత్తెర చప్పుడు విన్నదే గాని, కత్తెర గుడ్డ మీద ఎలా నడుస్తుందో ఒక్కసారైనా తిరిగి చూసింది లేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ముందు దీనితో పనుంది.

ఆమె చదువు నాలుగో తరగతి దగ్గర ఆగిపోయింది. మంచి మాటల మీద ఇష్టం మాత్రం ఆగలేదు. వీధి చివర గ్రంథాలయం పైగదిలో ఆదివారం సాయంత్రాలు ఒక పెద్దాయన మాట్లాడేవాడు. ఊరంతా తిరిగి ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఏ మతం పుస్తకమైనా, ఏ తత్వవేత్త మాటైనా ఆయనకు ఒకటే. దొరికిందల్లా చదివి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేవాడు. కాజాలమ్మ వెనక వరసలో, ఒళ్ళో ఏదో ఒక ప్యాంటు అంచు పెట్టుకుని, సూది కదుపుతూ వినేది. గంట విన్నదాంట్లోంచి ఒక్క మాట ఏరుకుని ఇంటికి తెచ్చుకునేది. వారమంతా దాన్ని వాడి చూసేది, కొత్త చొక్కా ట్రయల్ వేసినట్టే. ఇంట్లోకీ వీధిలోకీ పనికొస్తే ఉంచుకునేది. బిగుతైతే మరుసటి ఆదివారం మొహమాటం లేకుండా పెద్దాయనకే తిరిగి ఇచ్చేసేది.

"ఈ వారం ఏం తెచ్చావ్?" అని మాస్టరు గుమ్మంలోనే అడిగేవాడు, సంచిలో కూరగాయల సంగతి అడిగినట్టు.

ఒక వారం మౌనం తెచ్చింది. రెండో రోజు మధ్యాహ్నానికల్లా మాస్టరు డాక్టర్ని వెంటబెట్టుకొచ్చాడు. "గొంతు చూడండి డాక్టరుగారూ. నిన్నటి నుంచి నన్ను ఒక్క మాట అనలేదు" అన్నాడు కంగారుగా. ఆ మౌనం అక్కడితో సరి.

ఇంకో వారం 'ఏదీ నాది కాదు' అన్న మాట తెచ్చింది. పక్క కొట్లో ఇస్త్రీ చేసేవాడు వచ్చి "వదినా, ఒకసారి పెద్ద కత్తెర ఇస్తావా" అంటే, నాది కాదు కదా అని తీసి ఇచ్చేసింది. ఆ మహానుభావుడు దాంతో రేకు కత్తిరించాడు. మాస్టరు ఆ రోజంతా సానరాయి ముందే కూర్చున్నాడు. సాయంత్రానికి తల ఎత్తి, "ఏదీ మనది కాదంటే సరేనే. ఈ పదును మాత్రం నాది" అన్నాడు. ఆదివారం ఆమె పెద్దాయనతో, "మీ మాట మంచిదే అయ్యగారూ, కత్తెరకొక్కదానికి మినహాయింపు పెట్టండి" అంది. పెద్దాయన నవ్వి తన నోటుబుక్కులో రాసుకున్నాడు.

కుదిరినవీ ఉన్నాయి. ఎదుటి మనిషిలో నిన్ను చూసుకో అన్నారని, రేడియో హోరెత్తించే ఇస్త్రీ ఆయనలో తనను చూసుకోబోయింది. తెల్లవారకముందే తన మిషను చేసే రొద గుర్తొచ్చింది. మిషనుకు నూనె వేసి, కింద మందపాటి గోనె పరిచింది. నాలుగు రోజులకు రేడియో దానంతటదే తగ్గింది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తుకోలేదు.

మూడు నెలల క్రితం ఒక పొద్దున్న మాస్టరు బల్ల మీద బూడిదరంగు ఊలు గుడ్డ పరిచి కోటుకు గీతలు గీశాడు. చివరి గీత పూర్తిచేసి, సుద్ద పక్కన పెట్టి, "కాసిని మంచినీళ్ళియ్యి" అన్నాడు. ఆమె గ్లాసుతో వచ్చేసరికి స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించి ఉన్నాడు. ఆ నీళ్ళు తాగలేదు.

పరామర్శకు వచ్చిన పెద్దాయన పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు. "ప్రాణానికి ఒళ్ళు ఒక బట్ట లాంటిదమ్మా. పాతబడితే విడిచి కొత్తది తొడుక్కుంటుంది. దానికి మనం ఏడవకూడదు."

కాజాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "అయ్యగారూ, మా షాపులో సగం పని పాత బట్టలు బాగుచేయడమే. మోచెయ్యి చిరిగిన చొక్కాని కూడా మనుషులు అంత తేలిగ్గా వదలరు. ఆయనది విడిచేసేంత పాతబడలేదు."

"ఆ మాట వెనక్కి తీసుకుంటానమ్మా" అన్నాడు.

"ఉండనీయండి. ఇంకా ట్రయల్ వెయ్యలేదు" అంది.

గీతలు చెరిగిపోకుండా ఊలు గుడ్డ మీద తెల్లటి దుప్పటి కప్పింది. గాలికి సుద్ద లేచిపోతుందేమోనని ఆ గదిలో ఫ్యాను వెయ్యడం మానేసింది. చేతిలో ఉన్న గుండీలూ అంచులూ చేసి ఇస్తూ మూడు నెలలు నెట్టుకొచ్చింది. కొత్త గుడ్డ పట్టుకుని ఎవరొచ్చినా "కత్తిరించేవాళ్ళు లేరండీ" అని పంపించేసేది.

అప్పుడు ఆమె అక్క సంచీ సర్దుకుని వచ్చింది, చెల్లెల్ని తనతో తీసుకుపోవడానికి.

"కత్తెర పట్టని చేతికి షాపెందుకే? మా ఇంట్లో గది ఖాళీగా ఉంది. మా ఆయన నోరెత్తడు, ఎత్తినా నేను విననులే" అంది అక్క, వచ్చిన పూటే.

"నాకు పని లేకపోతే తోచదక్కా."

"మా ఇంట్లో పనికి కొదవా? వచ్చి చూడు, ఏడుస్తావు."

ఆ మధ్యాహ్నమే పెద్ద టీచరమ్మ వచ్చింది. ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి రిటైరైన మనిషి. ఆ ఊలు గుడ్డ ఆమెదే. వాళ్ళమ్మ పెట్టె అడుగున దాచి, పోయేముందు ఇచ్చిందట. అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదు. సంచిలోంచి ఒక పాత కోటు తీసి బల్ల మీద పెట్టింది. పదకొండేళ్ళ క్రితం మాస్టరు కుట్టిందే.

"చలి వచ్చేస్తోందమ్మాయ్. ఇది మోచేతుల దగ్గర జల్లెడైపోయింది. కొత్తది నువ్వే కుట్టు. వేరేవాళ్ళ చేతికి మా అమ్మ గుడ్డ ఇవ్వను."

"గీతలు ఆయనవే ఉన్నాయి. కత్తిరించడం నాకు కొత్త టీచరుగారూ."

"కొత్త కానిదేముంది, ఒకసారి చేసేదాకా" అని ఆమె గురువారం వస్తానని వెళ్ళిపోయింది.

కాజాలమ్మ అక్కవైపు తిరిగింది. "ఈ కోటు కుదిరితే షాపు ఉంటుంది. కుదరకపోతే నోరు మూసుకుని నీ వెంట వస్తాను."

"నోరు మూసుకుని అన్నావు చూడు, అక్కడే నమ్మకం కుదరడం లేదు" అంది అక్క. అయినా ఒప్పుకుంది.

ఆ ఆదివారం, మూడు నెలల తర్వాత మొదటిసారి, కాజాలమ్మ గ్రంథాలయం మెట్లెక్కింది. పెద్దాయన ఆ రోజు చెప్పినదాంట్లోంచి ఒక ముక్క తెచ్చుకుంది. ఏదైనా దెబ్బ తగిలినప్పుడు, జరిగినంతే జరిగిందని చూడాలట. దానికి మన తరఫున ఇంకొకటి కలపకూడదట. గుమ్మంలో ఏం తెచ్చావని అడిగేవాళ్ళు లేరు. తనే పైకి ఒకసారి చెప్పుకుని తలుపు వేసుకుంది.

మంగళవారం మధ్యాహ్నం దుప్పటి తీసింది. గీతలు ఇంకా తెల్లగా, ఇప్పుడే గీసినట్టు ఉన్నాయి. పెద్ద కత్తెర తీసుకుంది. బొటనవేలు పెట్టే చోట ఆయన వేలికి తగ్గట్టు చుట్టిన గుడ్డపేలిక ఉంది. దాన్ని విప్పలేదు. చేతుల ముక్కతో మొదలుపెట్టింది. లోపలివైపు వచ్చే నిలువు గీత మీద కత్తెర నడిపింది. గీత మీదే, వెంట్రుకవాసి తేడా లేకుండా, చంకనుంచి మణికట్టుదాకా కత్తిరించింది. ఎంత తిన్నగా వచ్చిందో చూసుకుని మురిసింది కూడా.

సరిచూద్దామని ఆ అంచును కుట్టుకు మడిచి, పాత కోటు చేతి మీద పెట్టింది. రెండు వేళ్ళు తక్కువైంది.

మళ్ళీ పెట్టింది. రెండు వేళ్ళే. వెంటనే పాత కోటు చేతి కుట్టు బ్లేడుతో కాస్త ఊడదీసింది. లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ మడిచి ఉంది, ఎండ తగలక, కొన్న రోజు ఎలా ఉందో అలాగే. ఆ రెండు వేళ్ళూ ఇరవై ఎనిమిదేళ్ళుగా సూది కిందకు మడిచి తోసింది ఆమే. అవి గీతలోనే కలిసి ఉంటాయనుకుంది. మాస్టరు గీత గీసేది ఒంటి కొలతకు మాత్రమే. కుట్టుకు కావలసింది కంటితోనే అంచనా వేసి, గీతకు బయట కత్తిరించేవాడు. మిషనులో సుద్దపొడి పడుతుందని, ముక్కలు ఇచ్చేముందు గీతలు దులిపేసేవాడు. ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే తెలిసేది. అడిగి ఉంటే చెప్పేవాడు. ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఆ మాటే రాలేదు, అంత బాగా కుదిరిపోయింది పని.

అక్క వంటింట్లోంచి తొంగిచూసింది. "ఏమైందే?"

"గీత మీద కోసేశాను. బయట కొయ్యాల్సింది."

"అయ్యో. ఇప్పుడు?"

కాజాలమ్మకు గుండెల్లో ఒక్కసారిగా అన్నీ వచ్చిపడ్డాయి. గుడ్డ పోయింది, టీచరమ్మ వాళ్ళమ్మ జ్ఞాపకం పోయింది, షాపు పోయింది, ఆయన చివరి గీత పాడైంది. కత్తెర కింద పెట్టింది. ఆదివారం తెచ్చుకున్న మాట తీసి ట్రయల్ వేసింది. ఏం జరిగింది? ఒక చేతికి, ఒక వైపు, ఒక నిలువు కోత పడింది. అంతే జరిగింది. రెండో చెయ్యి కత్తిరించలేదు. వీపు కత్తిరించలేదు. ముందు ముక్కలు దుప్పటి కింద ఉన్నప్పటిలాగే ఉన్నాయి. మిగతావన్నీ తను కలుపుతున్నవే.

"టీ పెట్టక్కా" అంది.

"టీ తాగే మొహమేనా ఇది?"

"పెట్టు. పని చాలా ఉంది."

టీ తాగి మళ్ళీ బల్ల దగ్గర నిలబడింది. ఈసారి సుద్ద తీసి, ఆయన గీతలన్నిటికీ బయట, రెండు వేళ్ళ ఎడంలో, తను రెండో గీత గీసింది. అది పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. బుధవారం ఆ రెండో గీతల మీద మిగతా ముక్కలన్నీ కత్తిరించింది. అంచుల్లో మిగిలిన గుడ్డలోంచి పొడుగాటి పట్టీ తీసింది. ఊలు నూగు చేత్తో నిమిరి, అది కిందికి వాలేలా పట్టీని తిప్పి, పొరపాటు కోతకు అతికి కుట్టింది. చెయ్యి కిందికి వేలాడేస్తే ఒంటికి ఆనే వైపు అది. చెబితే తప్ప కనబడదు.

"చెప్పకు మరి. ఎవరు తిరగేసి చూస్తారు?" అంది అక్క.

"నేను చూశాను కదా."

రాత్రంతా మిషను తొక్కి కోటు పూర్తిచేసింది. గురువారం టీచరమ్మ వచ్చీ రాగానే కాజాలమ్మ కోటు చెయ్యి తిరగేసి చూపించింది. "ఇక్కడ అతుకు వేశాను. కత్తిరించడంలో తప్పు నాది, గీత ఆయనది సరిగ్గానే ఉంది. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి, నిష్ఠూరపడను."

టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని అతుకు మీద వేలు నడిపించింది. "తప్పు పడితే ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాయమని పిల్లలకు చెప్పేదాన్ని. రబ్బరుతో తుడిచి కాగితం చింపేవాళ్ళకే మార్కులు తగ్గించాను. ఏదీ, తొడిగించు."

కోటు భుజాల మీద సర్దుకుంది. చెయ్యి పైకెత్తింది, ముందుకు చాపింది, నల్లబల్ల మీద రాస్తున్నట్టు గాలిలో ఒక అక్షరం రాసింది. ఎక్కడా పట్టలేదు.

"ఇంకాస్త లావైతే?"

"లోపల రెండు వేళ్ళ గుడ్డ ఉంది. ఊడదీసి వదులు చేస్తాను."

"మాస్టరూ ఇదే అనేవాడు" అంది టీచరమ్మ. కోటు విప్పకుండానే, పాతది చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

అక్క వెనక గదిలోకి వెళ్ళి తన సంచిలోంచి ఒక జాకెట్టు తెచ్చి మిషను మీద పడేసింది. "చంకల దగ్గర కొరికేస్తోందే. వదులు చెయ్యి. శనివారం నా బస్సు టైముకల్లా కావాలి."

"ఒక్కదానివే వెళ్తున్నావా?"

"ఇంకెవరొస్తారు, కత్తెరొస్తుందా?"

శనివారం అక్కను బస్సెక్కించి వచ్చి, గదిలో ఫ్యాను వేసింది. తలుపు మీద 'కొత్త గుడ్డలు కత్తిరించి కుట్టబడును' అని సుద్దతోనే రాసింది. వంకరగా వచ్చింది, ఉంచేసింది.

ఆదివారం అందరూ వెళ్ళిపోయాక పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. "ఆ రోజు మీరిచ్చిన బట్టల మాట ట్రయల్ వేశానయ్యగారూ."

పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "సరిపోయిందా అమ్మా?"

"చేతులు కుదిరాయి. భుజాల దగ్గర ఇంకా పట్టేస్తోంది. మీరు బట్ట విడవడం ఒకటే చెప్పారు. కుట్టినవాళ్ళు లోపల మడిచి వదిలిపెట్టిన గుడ్డ సంగతి చెప్పలేదు. నాకు దాంతో పని జరుగుతోంది."

పెద్దాయన జేబులో పెన్ను వెతుక్కుని నోటుబుక్కు తెరిచాడు. "ఇంకోసారి చెప్పు, నెమ్మదిగా."

ఆమె చెప్పింది. ఆయన రాసుకునేదాకా పక్కన నిలబడి, చేతిలోని ప్యాంటు అంచుకు మిగిలిన నాలుగు కుట్లూ వేసేసింది.