అక్క పొట్లాల్లో కోసిన తరుగు

మా అక్క పోగొట్టుకున్నవి ఒకసారి వరసగా రాసి చూసుకున్నాను. ఒంటి బరువు పదకొండు కిలోలు. తల వెంట్రుకలు మొత్తం. కాలి గోళ్లు మూడు. రుచుల్లో ఉప్పు, పులుపు తప్ప మిగిలినవన్నీ. అరికాళ్లలో చల్లదనం, ఎందుకంటే కడుపులో గడ్డకు వైద్యం అయ్యాక ఆమె పాదాలు రాత్రీ పగలూ నిప్పుల మీద ఉన్నట్టే మండేవి. మగ్గం మీద తొమ్మిది జానల బట్ట. చివరి ఇరవై రెండు రోజుల మెలకువ. నేను పోగొట్టుకున్నది రాయబోతే ఒక్కటే తేలింది: నా లెక్కను మళ్లీ ఎంచే మనిషి.

అక్క నాకంటే పదమూడేళ్లు పెద్దది. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. ఎమ్మిగనూరులో అక్క ఇంట్లోనే పెరిగాను. ఐదో తరగతి దాటలేదు. నాకు లెక్కలు నేర్పింది ఆమె గుంత మగ్గం. పడుగు కోసం నూలు పోగులు ఎంచి కట్టలు కట్టడం నా పని. నూటఇరవై పోగులైతే ఒక పుంజం. నేను ఎంచిన ప్రతి పుంజాన్నీ అక్క తీసుకుని, కళ్లు చిన్నవి చేసి, మళ్లీ ఎంచేది.

"నూటపందొమ్మిదే ఉండాయి కదరా. ఒకటి నమిలి మింగినావా?"

"సరిగ్గానే ఎంచినా."

"అట్లయితే మగ్గానికి సెప్పు, అది నమ్ముతాదేమో."

పోగు ప్రతిసారీ ఎక్కడో ఒక చోట దొరికేది, నా చొక్కాకో మోకాలికో అంటుకుని. పదిహేడో ఏట ఆదోనికి వచ్చి పత్తి మార్కెట్లో ఒక మండీలో చేరాను. ముప్పై ఏళ్లు దాటింది, తూకం చీటీలు రాస్తున్నాను. కాగితం మీద వేయకుండానే గుణించేస్తానని అక్కడ నాకు కొంచెం పేరుంది. అక్కకు అది గొప్ప. నాకు జీతం వచ్చిన నెల నుంచి ఆమె నా లెక్క మళ్లీ ఎంచడం మానేసింది.

మండీలో నా పనిలో సగం తరుగు కోయడం. ఆలూరు నుంచో హాలహర్వి నుంచో రైతు పత్తి తెస్తాడు. తూకంలో నూరు కిలోలు ఉంటుంది. అందులో తడి ఎంతో నేను చెయ్యి పెట్టి చూసి చెప్పాలి. తడికి కొనేవాడు డబ్బు ఇవ్వడు కాబట్టి, పది కిలోల తడి అనిపిస్తే చీటీలో తొంభై రాస్తాను. ముప్పై ఏళ్లలో ఇది ఆలోచనగా మిగల్లేదు. వేళ్లకు తడి తగిలితే చాలు, పెన్ను తనంతట తానే తక్కువ రాస్తుంది.

అక్కకు కడుపులో గడ్డ తీసి, ఎక్కించాల్సిన మందులన్నీ ఎక్కించాక, ఈ కాళ్ల మంట మిగిలింది. గుంత మగ్గంలో కాళ్లు గోతిలోకి దించి కర్రలు తొక్కాలి. ఆమె గోతి అంచున కూర్చునేది, దిగేది కాదు. మగ్గం మీద దుప్పట్ల పడుగు సగంలో ఆగి ఉంది. "ఈ పడుగు దించేసి పోతా. దేవుడు అంతవరకు ఆగితే సాలు" అనేది. బావ పోయి ఎనిమిదేళ్లయింది, పిల్లలు లేరు. ఆమె అడిగినది అది ఒక్కటే.

బెంగళూరులో నొప్పులు చూసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చీటీ మీద రాసిచ్చింది గంజాయి మొక్క ఆకు. లైసెన్సు ఉన్న మందుల దుకాణంలో డబ్బాలో వస్తుంది. దాన్ని కాల్చకూడదు, పొగ పీల్చకూడదు. చేతి టార్చి అంత ఉండే ఒక వేపరైజర్‌లో వేస్తే, ఆకు మాడకుండా వేడెక్కి ఆవిరి వస్తుంది. ఆ ఆవిరిని మధ్యాహ్నం ఒక్క పూట, మూడు గుక్కలు. ఒక పూటకు నూరు మిల్లీగ్రాముల ఆకు, అంతకంటే వద్దు. "మత్తు తెలియకూడదు. తెలిసిందంటే మోతాదు ఎక్కువైందని లెక్క" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నాకు అర్థమయ్యే డాక్టరు దొరికాడనుకున్నాను.

నూరు మిల్లీగ్రాములు తూచే తరాజు మండీలో ఉండదు. ఆదోనిలో బంగారు అంగళ్ల సందులో తక్కెళ్లు బాగుచేసే భాయి నాకు పాత స్నేహితుడు. అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ తరాజు ఇచ్చాడు.

"ఎవరి నగ అన్నా తూచేది? వదినకు తెలుసునా?" అన్నాడు కన్నుగీటి.

సంగతి చెప్పాను. నవ్వు ఆపేశాడు. డబ్బు తీసుకోలేదు. "అక్కకు నయమైనాక వాపసు తెచ్చియ్యి. నేను దువా చేస్తాండా."

వారానికి ఏడు పొట్లాలు కట్టేవాణ్ని. ప్రతి పొట్లం మీద అంకె, కింద 100. మండీకి సగం రోజు సెలవు పెట్టుకుని మధ్యాహ్నం ఎమ్మిగనూరు బస్సెక్కేవాణ్ని. మొదటి రోజు అక్క ఆ యంత్రాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఈ వయసులో నన్ను బైరాగిని చేస్తాండావా?"

"మందు అక్కా."

"అందరు బైరాగులూ అదే సెప్తారు లేరా."

మూడు గుక్కలు పీల్చింది. గుక్కకూ గుక్కకూ మధ్య నేను అరవై ఎంచాను. చిన్న తెరపై నూటఎనభై డిగ్రీలు కనిపిస్తోంది. పక్కింటావిడ గుమ్మం దగ్గరికి వచ్చి, "ఏం వాసనక్కా అది, ఏదో ఆకు మాడినట్టుంది?" అంది. అక్క తల తిప్పకుండానే, "మావోడు లెక్కలు ఉడకబెడతాండాడు" అంది. ఆవిడ నవ్వుకుంటూ పోయింది.

"ఏమన్నా తెలుస్తాందా?" అడిగాను.

"తెలిస్తే ఎక్కువైనట్టని ఆయప్ప సెప్పె కదరా. ఊరికే కూసో. నా మొగం మీద తూకం చీటీ రాయొద్దు."

ఇరవై నిమిషాలకు కాలి వేళ్లు కదిపింది. మళ్లీ కదిపింది. "ఒరే, ఇవి నా కాళ్లే రా" అంది. గోతిలోకి దిగింది. పేక పోగు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తడం మొదలైంది. ఆ చప్పుడు విని ఏడు నెలలైంది. గంట సేపు నేసి ఆగింది. జానతో కొలిచి చూశాను, సరిగ్గా ఒక జానెడు. ఆ సాయంత్రం బొరుగుల ఉగ్గాని కావాలంది. పచ్చిమిరపకాయ బజ్జీ కొరికి, "కారం తగుల్తాంది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కారానికో మరి దేనికో నేను అడగలేదు.

ఎండాకాలమంతా అలాగే నడిచింది. పొట్లానికి జానెడు. ఒక రోజు ఒక వేలు ఎక్కువ, ఒక రోజు ఒక వేలు తక్కువ. నోటుపుస్తకంలో ఎడమ పక్క ఆకు బరువు, కుడి పక్క బట్ట పొడవు రాసేవాణ్ని. నా జీవితంలో అంత చక్కని పేజీలు నేనెప్పుడూ రాయలేదు. ఆమె నేస్తుంటే నేను గోతి అంచున చేరగిలబడి, తెగిన పోగులు ముడివేసేవాణ్ని, ఆరేళ్లప్పటిలాగే. ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కావాలి.

ఆషాఢంలో ముసురు పట్టింది. డబ్బా మూత తీసేసరికి ఆకు గలగలలాడడం లేదు, మెత్తగా వేళ్లకు అంటుకుంది. నేను జాగ్రత్త గల మనిషిని. గ్రాము ఆకు తీసి స్టీలు పళ్లెంలో పోసి, కాసిన ఎండలో పూర్తిగా ఎండబెట్టి మళ్లీ తూచాను. తొమ్మిది వందల మిల్లీగ్రాములు. పదింట ఒక వంతు నీళ్లు. పుస్తకంలో "తడి 10" అని రాశాను. ఆ రోజు నుంచి పొట్లానికి తొంభై తూచాను. పొట్లం మీద ఎప్పటిలాగే 100 అని వేశాను. నూరు, అందులో తడికి పది కోత. ముప్పై ఏళ్లుగా రాసిన చీటీనే రాశాను. చెయ్యి ఒక్క క్షణం కూడా తడబడలేదు.

వారం తిరిగేసరికి జానెడు కాస్తా రెండు బెత్తెలైంది. మూడు బెత్తెలు ఒక జాన.

"ఈ మధ్య నీ పొట్లం తొందరగా అయిపోతాంది రా. గోతిలో దిగి కూసునేలోగా మంట ఎనక్కి వస్తాంది" అంది అక్క.

"అదే నూరు అక్కా."

"ఒక్క రవ్వ ఎక్కువ ఎయ్యరాదా?"

"డాక్టరు చెప్పిందానికి ఒక్క రవ్వ దాటను."

ఆ తర్వాత మళ్లీ అడగలేదు. నేను వచ్చేసరికి దిగి కూర్చుని, పళ్లు బిగించి ఆ రెండు బెత్తెలూ నేసి, "సాల్లేరా ఈ పూటకు" అనేది. కాళ్లు పైకి తీసుకునేటప్పుడు మొహం అటు తిప్పుకునేది. రోగం పెరుగుతోందని ఆమె అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

ముసురు పట్టాక కట్టినవాటిలో అరవై మూడో పొట్లం రోజు డాక్టరుకు ఫోను చేశాను. అక్క మంచం మీద పక్కనే ఉంది.

"అదే మోతాదుకు పని తగ్గిందంటారు. తూకం కచ్చితమేనా?" అని అడిగాడు.

"మిల్లీగ్రాముతో సహా సార్."

అక్క ఫోను వైపు వంగి, కేకేసినట్టు అంది: "వాని లెక్క తప్పదు సార్! వానికి తరాజు కూడా అక్కర్లేదు!"

ఆకు ఇక చాలదేమో, ఆపేద్దాం అన్నాడు డాక్టరు. గట్టి మాత్రలు రాశాడు. వాటితో మంట తగ్గింది. మనిషీ తగ్గిపోయింది. రోజుకు పద్దెనిమిది గంటలు నిద్ర. మెలకువ వస్తే నన్ను చూసి, "పడుగు..." అని మళ్లీ కళ్లు మూసుకునేది. ఇరవై రెండు రోజులు. గోతిలోకి మళ్లీ దిగలేదు.

పెద్దకర్మ అయిపోయి, చలి మొదలయ్యాక, తరాజు వాపసు ఇవ్వడానికి భాయి దగ్గరికి వెళ్లాను. వాడకుండా మిగిలిన మూడు పొట్లాలు, నోటుపుస్తకం అదే సంచిలో ఉన్నాయి. తరాజు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి భాయి ఒక పొట్లం విప్పి, ఆకు మాత్రం పళ్లెంలో పోశాడు. ఆకు బాగా ఎండి గలగలలాడుతోంది. తెరపై అంకె ఆగింది.

"పైన వంద, లోపల ఎనభై ఒకటి! మీ మండీ వాళ్లు దేన్నీ వదల్రు కదన్నా" అన్నాడు నవ్వుతూ.

"తరాజు తప్పు చూపిస్తోందేమో" అన్నాను. గ్రాము రాయి పెట్టి చూపించాడు. తరాజు సరిగ్గానే ఉంది. రెండో పొట్లం విప్పాడు. ఎనభై ఒకటి.

"తడి ఉండె భాయి అప్పుడు. తరుగు కోసినా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు కూడా నాకు కొంచెం గర్వంగానే ఉంది.

భాయి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "తరుగు కోసేది కొనేవోడు కదన్నా. నువ్వు ఈడ కొన్నావా? ఇచ్చినావా?"

నేను మూడో పొట్లం చేతిలోకి తీసుకుని పైన వేసిన అంకె చూశాను.

"తడి ఉంటే పైన ఏస్తారు కదప్పా. వందకు నూటపదకొండు. నీకు నేను సెప్పాల్నా ఈ లెక్క?" అన్నాడు. నా మొహం చూశాక ఆగిపోయాడు. లేచి చాయ్ తేవడానికి వెళ్లాడు. చాయ్ తెచ్చాడు, ఇద్దరం తాగాం. ఆ పొట్లాల మాట ఆయన ఆ రోజూ, ఆ తర్వాతా మళ్లీ ఎత్తలేదు.

ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. "తడి 10" అని నా చేతిరాత. ఆ ఒక్క గీత అక్క చూసి ఉంటే చాలు. పోగు ఒకటి తగ్గితే పట్టుకునే మనిషి. "ఒరే, నీళ్లుంటే ఆకు ఎక్కువ ఎయ్యాల కదరా, తగ్గిచ్చినావేమి?" అనేది. పుస్తకం ఆమె తల దగ్గరే కిటికీలో ఉండేది. ఒక్కసారి కూడా తెరవలేదు. తెరవాల్సిన పని లేదనుకుంది.

మూడేళ్లయింది. ఆదివారాల్లో ఇప్పటికీ ఎమ్మిగనూరు బస్సెక్కుతాను. ఆ ఇంటి తాళం నా దగ్గరే ఉంది. దుమ్ము దులిపి, గోతి అంచున కాసేపు కూర్చుంటాను. మగ్గం మీద నేయకుండా మిగిలిన తొమ్మిది జానల పడుగు అలాగే ఉంది. ఎవరైనా నేసేస్తామన్నా వద్దన్నాను. పోగులు ఎంచుతాను. ఎంచి, ఎవరో అందుకుంటారన్నట్టు చెయ్యి చాస్తాను.

లెక్క రెండు రకాలుగా వేసి చూశాను. బట్ట వైపు నుంచి వేస్తే, రోజుకో బెత్తెడు చొప్పున అరవై మూడు బెత్తెలు తగ్గాయి. ఇరవై ఒక్క జానలు. పడుగు దిగిపోయి ఇంకా పన్నెండు జానలు మిగిలేవి. ఆకు వైపు నుంచి వేస్తే అంత తేలదు. రెండూ కలవడం లేదు. నొప్పికి త్రైరాశికం పని చేయదని నాకు తెలుసు. పూర్తి మోతాదు ఇచ్చినా రోగం ఆగేది కాదని డాక్టరు తర్వాత చెప్పాడు. అందుకని బట్ట లెక్క పక్కన పెట్టి, తరాజు చూపించింది మాత్రమే రాసుకున్నాను.

పొట్లానికి రావలసింది నూరు, ఇచ్చింది ఎనభై ఒకటి, తక్కువ పందొమ్మిది. పొట్లాలు అరవై మూడు. నేను మళ్లీ ఎంచాను, రెండుసార్లు, ఆమె ఎంచినట్టే కళ్లు చిన్నవి చేసి. అక్కకు ఇంకా ఇవ్వవలసింది పదకొండు వందల తొంభై ఏడు మిల్లీగ్రాములు.