తిరిగొచ్చినవారి లెక్క

నౌపడ స్టేషన్‌లో ఆ రోజు రైలు ఆలస్యం. బెంచీ మీద నా పక్కన ఒక పెద్దావిడ ఖాళీ చేపల గంప పెట్టుకుని కూర్చుంది. నేను ల్యాప్‌టాప్‌లో భావనపాడు సర్వే అంకెలు చూసుకుంటున్నాను.

“ఏటమ్మా, అంతలా సూస్తన్నావు?” అని అడిగింది.

ఫోనుకు తుఫాను హెచ్చరిక వచ్చినా సముద్రంలో చేపల వేటకు వెళ్ళినవారిని కలిశామనీ, దాదాపు అందరూ తమకేమీ కాలేదన్నారనీ చెప్పాను. హెచ్చరికలు అవసరానికి మించి పంపుతున్నారని నివేదికలో అప్పటికే రాసేశాను కూడా.

ఆమె గంప పక్కకు జరిపి నా వైపు తిరిగింది.

“ఆలందరూ తిరిగొచ్చినోలే కదమ్మా. మరి మా ఆయన్ని అడిగినావేటి?”

ఆయన ఎక్కడుంటారని అడగబోయి ఆగిపోయాను.

“ఆయన ఫోనుకీ వొచ్చినాది. ఏటీ అవదులే అనే ఎల్లినాడు,” అంది.

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. తిరిగొచ్చినవారినే లెక్కలోకి తీసుకునే ఈ పొరపాటు గురించే నేను కాలేజీలో పరీక్ష రాసి, మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆమె ఒక్క మాటలో దాన్ని పట్టుకుంది.

రైలు వచ్చింది. ఆమె గంప ఎత్తుకుని ఎక్కింది. పేరైనా అడగలేకపోయాను. నేను మాత్రం ఎక్కలేదు. రాసిన వాక్యాన్ని ఆ బెంచీ మీదే చెరిపేసి, ఆటోలో మళ్ళీ భావనపాడు వెళ్ళాను. వేటకెళ్ళి తిరిగిరానివాళ్ళ ఇళ్ళెక్కడని మొదటి వీధిలోనే అడిగాను.

అక్కడున్న నలుగురూ నాలుగు గుమ్మాలు చూపించారు.