పై వరస నమ్మని మిస్సైల్

నూజివీడు మామిడి యార్డులో అనుమానపడడమే నా ఉద్యోగం. రైతులు దించిన గంపల్లో పై వరసని వదిలేసి, చెయ్యి అడుక్కి దూర్చి, కాయ ఎలా ఉందో షావుకారికి చెప్పాలి. బడి మధ్యలోనే మానేసినవాడికి ఇంతకంటే మంచి చదువు దొరకదు.

ఎనభయ్యో దశకం చివర్లో ఒక వేసవిలో యార్డు గేటు దగ్గరున్న సోడా షాపు పక్కన వీడియో గేమ్ పెట్టె వెలిసింది. తెర మీద మన విమానం, వెనకాల ఇంజను వేడిని పట్టుకుని వచ్చే మిస్సైల్. ఎర్ర బొత్తాం నొక్కితే మన తోక నుంచి నిప్పుండలు రాలతాయి. మిస్సైల్ మనల్ని వదిలేసి వాటి వెంట పోతుంది. చివరి స్టేజీలో మాత్రం ఎన్ని రాల్చినా వాటిని దాటుకుని నేరుగా నా మీదికే వచ్చేది.

"ఓనరు గారూ, బల్ల కింద స్విచ్చేమైనా పెట్టారేంటండీ?"

"ఒట్టండీ, లేదు. అది తెలివైన మిస్సైలండీ."

ఒట్టు వేసినవాడి గంపని నేను రెండుసార్లు తవ్వుతాను. వంగి చూశాను. చెప్పుల జత తప్ప ఏమీ లేదు.

వెనక నిలబడి రసం పండు జుర్రుకుంటున్న మా అక్క మొగుడు నవ్వాడు. "నీ వల్ల కాదురా బావమరిదీ."

"ఆదివారానికి దాటకపోతే మీసం తీయించుకుంటా బావా. దాటితే నువ్వు తీయించుకో!"

యార్డంతా విన్నది. ఇక వెనక్కి తగ్గడానికి లేదు.

శనివారం ఒక గంపలో పై వరస మరీ మెరుస్తోంది. చూడగానే నా చెయ్యి అడుక్కి పోయింది. అప్పుడు తట్టింది, ఆ మిస్సైలూ నా బాపతే అని. ఉన్నట్టుండి భగ్గుమన్నదాన్ని అది నమ్మదు. నన్ను మోసం చేసిన రైతు ఒక్కడే. ఆయన పైన మెరిసేవి కాకుండా మామూలు కాయలే పేర్చి, నోరు మూసుకుని నిలబడ్డాడు, నేను అడుగు తవ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం చివరి స్టేజీలో నిప్పుండకీ నాకూ తేడా తెలియకుండా స్పీడు తగ్గించి ఇంజను చల్లబరిచాను. మిస్సైల్ బయల్దేరకముందే ఒక్కో నిప్పుండా వదిలాను. మిస్సైల్ తడబడింది. అంతలో తెర నల్లబడింది.

"కరెంటు పోయింది," అన్నాడు బావ.

సోడా షాపులో ఫ్యాను తిరుగుతోంది. "మరి అదేంటి బావా?"

"గాలికి తిరుగుతోందిలే."

మే నెల. ఆకు కదలడం లేదు!

పెట్టె వెనక ప్లగ్గు ఊడి పడి ఉంది. ముట్టుకుంటే జిగట. బావ చేతులు చూశాను, మామిడి రసం. ఓనరు చేతులు చూశాను, రసమే. నా చేతులూ అంతే. మామిడి కాలంలో నూజివీడులో జిగట లేని చెయ్యి ఎక్కడుంది?

ఇద్దర్నీ నా ఎదురుగా చేతులు కట్టించి నిలబెట్టి మళ్ళీ ఆడాను. ఈసారీ మిస్సైల్ తడబడి నిప్పుండ వెంట పోయింది. స్టేజీ దాటాను.

సాయంత్రం బావ నున్నటి పై పెదవితో వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. "నిజం రా, ఆ ప్లగ్గు నేను లాగలేదు." గొంతు వణికింది కూడా.

అంత మెరిసే పై వరసని నేనెప్పుడు నమ్మాను గనక!